తాబేలు మేతలో సున్నం

చెరువుల్లో పెంచే జంతువుల్లో తాబేలుకు ఉన్నంత ఎముక మరి దేనికైనా ఉండటం అరుదు. వెన్నుపూసలు, పక్కటెముకలు వెడల్పయి, ఒకదానితో ఒకటి అతుక్కుని పైపెంకుగా మారిన శరీరం దానిది. ఎముకకు మూలద్రవ్యాలైన కాల్షియం, భాస్వరం అందుకే దాని మేతలో చేపలకు కావలసిన పాళ్లకు ఎన్నో రెట్లు ఉండవలసి వస్తుంది. ఈ సంగతి ప్రయోగశాలలో అంకెలతో తేలింది మాత్రం 2000 తరువాతే. అప్పటికి తూర్పు ఆసియాలో తాబేలును వ్యాపారంగా పెంచడం మొదలై నూరేళ్లు దాటింది, చేపల చెరువులో దానిని వేసే ఆచారం అంతకంటే ఎంతో పాతది. ఇంత ఆలస్యానికి పెంపకందారుల అజ్ఞానమే కారణమని చెప్పడం తొందరపాటు అవుతుంది. మేత తన గుల్లతో, తన ముల్లుతో సహా చెరువులోకి వచ్చినంత కాలం ఖనిజాల లెక్క కట్టవలసిన పని ఎవరికీ పడలేదు. మేత పిండిగా మారి, ఆ పిండిలో చేప తగ్గి గింజ పెరిగి, చెరువు మీదికి పైకప్పు వచ్చిన తరువాతే ఆ లెక్క పుట్టింది.

ఈ చరిత్ర ముఖ్యంగా చైనా మెత్తపెంకు తాబేలుది. శాస్త్రజ్ఞులు పెలోడిస్కస్ సైనెన్సిస్ అని పిలిచే ఈ జాతి చైనా, తైవాన్, కొరియా, జపాన్ దేశాల మంచినీటి మడుగుల్లోనూ, నెమ్మదిగా పారే కాలువల్లోనూ బతుకుతుంది. ఇతర తాబేళ్ల వీపు మీద కనిపించే గట్టి కొమ్ముపలకలు దీనికి లేవు, వాటి స్థానంలో తోలు వంటి చర్మం ఉంటుంది. పెంకు అంచుల్లో ఎముక లేనందువల్ల అవి వంగుతాయి. ఆ తోలు కింద నడిమి భాగం మాత్రం నికరమైన ఎముక పలకే. ఎముకలోని ఖనిజంలో అధిక భాగం కాల్షియం, భాస్వరం కలిసి ఏర్పడిన హైడ్రాక్సీఅపటైట్ అనే స్ఫటికం కాగా, దానితో పాటు మెగ్నీషియం, కార్బొనేట్ కొద్దిపాళ్లలో చేరి ఉంటాయి. పెంకు రక్షణ కోసమే కాక నిల్వగా కూడా పనిచేస్తుంది: రక్తంలో కాల్షియం తగ్గగానే మెడ భాగంలోని పారాథైరాయిడ్ గ్రంథులు విడుదల చేసే హార్మోన్ ఎముకను కరిగించి ఆ లోటును పూడుస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో ఆడ తాబేలుకు ఇంకొక ఖర్చు వచ్చిపడుతుంది, ఎందుకంటే ఈ జాతి గుండ్రని గుడ్డుకు గట్టి సున్నపు పెంకు ఉంటుంది. ఆ పెంకు అరగొనైట్ అనే రూపంలో ఉన్న కాల్షియం కార్బొనేట్. పిండం పెరిగేటప్పుడు పచ్చసొన నుంచే కాక ఈ పెంకు నుంచి కూడా కొంత కాల్షియాన్ని తీసుకుంటుంది.

ప్రాచీన చైనాలో తాబేలు రాజభోజనం. జౌ వంశపు రాజ్యవ్యవస్థను వర్ణించే జౌలీ అనే గ్రంథంలో తాబేళ్లను, గుల్ల జీవులను సేకరించి సమర్పించే ఉద్యోగికి ప్రత్యేక పదవి ఉంది. క్రీ.పూ. 605లో జెంగ్ రాజ్యపు పాలకుడు తనకు కానుకగా వచ్చిన పెద్ద మెత్తపెంకు తాబేలును వండించి, ఒక ప్రభువంశీకుడికి మాత్రం కావాలనే వడ్డించకపోవడం, అతడు కుండలో వేలు ముంచి రుచి చూసి వెళ్లిపోవడం, ఆ కలహం చివరికి పాలకుడి హత్యకు దారితీయడం జువోజువాన్ అనే చరిత్ర గ్రంథంలో నమోదయ్యాయి. పెంపకానికి సంబంధించిన తొలి ప్రస్తావన ఫాన్ లీ పేరుతో ప్రసిద్ధమైన చేపల పెంపకపు గ్రంథంలో ఉంది; సంప్రదాయం దానిని క్రీ.పూ. 5వ శతాబ్దికి చేర్చినా, దాని పాఠం దొరికేది క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన చీమిన్ యావోషూ అనే వ్యవసాయ గ్రంథంలో. చెరువులో చేపల సంఖ్య పెరిగితే జలసర్పరాజు వచ్చి వాటిని ఎగరేసుకుపోతాడనీ, మెత్తపెంకు తాబేళ్లను వేస్తే అవి కాపలాగా ఉండి చేపలను పోనివ్వవనీ అందులో చెప్పారు. కాపలా మాట ఎలా ఉన్నా, ఆ చెరువులో తాబేలుకు విడిగా మేత వేసే ప్రసక్తి లేదు. నత్తలు, గుల్లలు, రొయ్యలు, చిన్న చేపలు దానికి స్వయంగా దొరికేవి, వాటితో పాటే వాటి సున్నమూ దొరికేది. 1596లో ప్రచురితమైన లీ షిజెన్ ఔషధ గ్రంథం నాటికి తాబేలు వీపుపెంకు మందుల కొట్లలో స్థిరపడిన సరుకు. అంటే తాబేలు పెంకులోని ఖనిజం మనిషి శరీరంలో ఏం చేస్తుందన్న చర్చ, ఆ ఖనిజం తాబేలులోకి ఎలా వస్తుందన్న చర్చకు కొన్ని వందల ఏళ్ల ముందే సాగింది.

వ్యాపార పెంపకం స్థిరంగా రూపుదిద్దుకున్నది జపాన్‌లో. టోక్యో నగరంలోని ఫుకగావా ప్రాంతానికి చెందిన హట్టోరి కుటుంబం 1866 నుంచి తాబేళ్లను ఒక్కొక్కటిగా పోగుచేస్తూ వచ్చి, 1870ల నాటికి చెరువులోనే గుడ్లు పెట్టించే స్థితికి చేరింది. మొదటి తరం పిల్లలను పెద్ద తాబేళ్లే తినేయడంతో, గుడ్లు పెట్టే చెరువును, పిల్లల చెరువును, వయసు వారీగా ఎదిగే వాటి చెరువులను విడదీయడం వారు నేర్చుకున్నారు. ఈ క్షేత్రాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన మిత్సుకురి కకిచి టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాచార్యుడు, తాబేలు పిండాభివృద్ధి మీద విస్తృతంగా పరిశోధించినవాడు; తన పరిశోధనకు కావలసిన గుడ్లకు హట్టోరి చెరువులు అనువైన చోటు కావడం వల్ల అక్కడి పద్ధతులను అతడు దగ్గరగా చూశాడు. జపాన్ జలచరాల పెంపకం గురించి 1904 ప్రాంతంలో అతడు రాసిన ఆంగ్ల వ్యాసంలో గుడ్లు పెట్టిన చోటల్లా తీగబుట్ట బోర్లించి తేదీ గుర్తు పెట్టడం, పొదగడానికి దాదాపు 60 రోజులు పట్టడం, వేసవి ఎండను బట్టి ఆ కాలం బాగా తగ్గడం లేదా పెరగడం వంటి వివరాలెన్నో ఉన్నాయి.

ఖనిజాల దృష్టితో చదివితే ఆ వ్యాసంలో అన్నిటికంటే విలువైనది మేత గురించిన భాగం. టోక్యో అఖాతంలో విస్తారంగా దొరికే షియోఫుకి అనే చిన్న గుల్లలను పొడవాటి గాడిలో పోసి, దాని మీద బరువైన రాతిచక్రాన్ని దొర్లించి పగలగొట్టి చెరువులో చల్లేవారు. తెలుగునాట ఇళ్ల కోసం సున్నం నూరిన గానుగ ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. దీనికి తోడుగా ఎండుచేప ముక్కలు, పట్టు తీసిన తరువాత మిగిలే ప్యూపాలు, ఉడికించిన గోధుమలు వేసేవారు. గుల్ల పగలగొట్టడంలో ఉద్దేశం లోపలి మాంసాన్ని తాబేలుకు అందించడమే తప్ప సున్నం తినిపించడం కాదు. అయినా మాంసాన్ని అంటుకున్న పెంకు తునకలు దాని నోట్లోకి వెళ్లక తప్పదు, కాల్షియం కార్బొనేట్ జఠరామ్లంలో సులువుగా కరుగుతుంది. ప్యూపాల్లోనూ గోధుమల్లోనూ భాస్వరం ఉన్నా కాల్షియం చాలా తక్కువ, ఆ లోటును గుల్లల తునకలు, ఎండుచేపల ముళ్లు పూడ్చేవి. అప్పటికి జంతుపోషణలో ఖనిజాల శాస్త్రం బాల్యదశలోనే ఉంది. రికెట్స్ అనే ఎముకల వ్యాధిని నివారించే విటమిన్ డి ఆవిష్కరణ 1920లకు గానీ జరగలేదు. ఫుకగావా చెరువుల్లో శాస్త్రం చేయవలసిన పనిని మేత సరఫరా తనకు తెలియకుండానే చేసిపెట్టింది.

1900లో హట్టోరి కుటుంబం షిజువోకా రాష్ట్రంలోని హమనా సరస్సు ఒడ్డున ఉన్న మైసకాలో పెద్ద క్షేత్రాన్ని నెలకొల్పింది. ఆ తరువాత తాబేలు పెంపకం, ఈల్ చేపల పెంపకం ఒకే ప్రాంతంలో, తరచూ ఒకే చేతుల్లో పక్కపక్కన ఎదిగాయి. ఈ ఇరుగుపొరుగుతనం ముందుముందు తాబేలు మేతను నిర్ణయించబోయింది.

ఇదే కాలంలో అమెరికాలోని ఉత్తర కరోలినా తీరాన బోఫర్ట్ పట్టణంలో ప్రభుత్వ మత్స్యశాఖ ప్రయోగశాల డైమండ్‌బ్యాక్ టెరాపిన్ అనే ఉప్పునీటి కయ్యల తాబేలును పెంచడానికి పూనుకుంది. చలికాలంలో పిల్లలను నిద్రపోనివ్వకుండా వెచ్చని ఇంట్లో ఉంచి మేపితే త్వరగా ఎదుగుతాయని, ఎక్కువగా బతుకుతాయని అక్కడ గుర్తించారు. అక్కడి మేత కూడా చేపలు, ఆల్చిప్పలు, పీతలే కావడంతో ఖనిజాల సమస్య తలెత్తలేదు. మద్యనిషేధం వచ్చి, టెరాపిన్ సూప్‌లో పోసే షెర్రీ కరువై ఆ వంటకం మోజు తగ్గిపోవడంతో పెంపకం కూడా వెనుకబడింది.

ఖనిజ లోపం మొదట విస్తారంగా కనిపించింది తిండి కోసం పెంచిన తాబేళ్లలో కాదు, ముచ్చట కోసం కొన్న తాబేళ్లలో. రెండో ప్రపంచయుద్ధం తరువాత లూసియానా తదితర రాష్ట్రాల క్షేత్రాల్లో పుట్టిన ఎర్రచెవి తాబేలు పిల్లలు అమెరికా దుకాణాల్లో లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి. కొన్నవారు వాటికి చీమగుడ్ల పేరుతో అమ్మే ఎండు ప్యూపాలను, ఎండబెట్టిన పురుగులను, ఇంట్లో మిగిలిన మాంసపు ముక్కలను వేసేవారు. ఎముక లేని మాంసంలో భాస్వరం కాల్షియానికి పది రెట్లకు పైగా ఉంటుంది, పురుగుల సంగతీ ఇంచుమించు అంతే. ఇలాంటి మేత తిన్న పిల్ల రక్తంలో కాల్షియం నిలబడాలంటే ఎముక కరగవలసిందే గనుక, పారాథైరాయిడ్ హార్మోన్ నిరంతరం పనిచేసి పెంకును బోలుగా మార్చేది. వేలితో నొక్కితే లోపలికి పోయే పెంకు, వంకర తిరిగిన కాళ్లు, తెరవలేని దవడ ఆ పిల్లల్లో సాధారణమయ్యాయి. పశువైద్యులు ఈ లక్షణాల సముదాయాన్ని జీవక్రియాసంబంధమైన ఎముకవ్యాధిగా వర్ణించి, మేతలో కాల్షియం భాస్వరం కంటే ఎక్కువగా, వీలైతే రెట్టింపు ఉండాలన్న సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చారు. గాజుతొట్టెలో సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు అందక విటమిన్ డి3 తయారు కాకపోవడం, అది లేనిదే పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేకపోవడం ఆ వ్యాధికి రెండో కారణం. 1975లో అమెరికా ప్రభుత్వం నాలుగు అంగుళాల లోపు పెంకు ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించినప్పుడు పట్టించుకున్నది పిల్లలకు సోకుతున్న సాల్మొనెల్లా వ్యాధిని మాత్రమే. మెత్తబడిన పెంకులు ఆ చర్చలోకి రాలేదు.

తూర్పు ఆసియాలో మలుపు మేత రూపంలో వచ్చింది. జపాన్‌లోనూ, అక్కడి నుంచి పద్ధతులు తెచ్చుకున్న తైవాన్‌లోనూ ఈల్ చేపల కోసం తయారైన పొడి దాణా తాబేళ్ల చెరువుల్లోకి కూడా వచ్చింది. ఉత్తర పసిఫిక్ సముద్రపు పొలాక్ వంటి చేపల తలలు, ముళ్లు, వ్యర్థాలతో చేసే తెల్ల చేపపిండికి, ముందే ఉడికించి జిగురుగా మార్చిన పిండిపదార్థాన్ని కలిపి, నీళ్లు, నూనె పోసి ముద్దగా పిసికి, నీటి అంచున పలకల మీద పెట్టడం ఆ పద్ధతి. తెల్ల చేపపిండిలో ముళ్ల వాటా ఎక్కువ కాబట్టి బూడిద, అంటే కాల్చిన తరువాత మిగిలే ఖనిజ భాగం కూడా ఎక్కువే. పాత గుల్లల స్థానంలో ముళ్ల పొడి వచ్చినందువల్ల కొంతకాలం ఎవరికీ తేడా తెలియలేదు. అయితే తెల్ల చేపపిండి ఖరీదైన సరుకు. దాని ధర పెరిగిన కొద్దీ ఖర్చు తగ్గించాలనే ఒత్తిడి పెరిగి, దాణా తయారీదారులు బూడిద తక్కువ ఉన్న గోధుమరంగు చేపపిండి వైపు, సోయా వైపు చూడటం మొదలుపెట్టారు. ఎంత తగ్గిస్తే తాబేలు దెబ్బతింటుందో తెలియకుండా ఈ మార్పు సాధ్యం కాదు.

తైవాన్ పరిశోధకులు ఈ ప్రశ్నను వరుసగా చేపట్టారు. ఇలాంటి ప్రయోగంలో ఒకే వయసు పిల్లలను గుంపులుగా విడదీసి, ఒకే ఒక ఖనిజం పాళ్లు మాత్రమే మారే మేతలు కొన్ని వారాల పాటు పెడతారు. ఖనిజం పెరిగిన కొద్దీ బరువు పెరుగుతూ వచ్చి, ఒక స్థాయి దాటాక ఆ పెరుగుదల ఆగిపోయే మలుపును అవసరపు పరిమాణంగా లెక్కిస్తారు. చేపపిండి ఆధారంగా చేసిన మేత మీద జరిగి 2003లో ప్రచురితమైన ప్రయోగంలో కాల్షియం అవసరం మేత బరువులో 5 నుంచి 6 శాతం మధ్య, భాస్వరం దాదాపు 3 శాతం అని తేలింది. పెంపుడు చేపల్లో అనేక జాతులకు అందుబాటులో ఉన్న భాస్వరం 1 శాతం లోపే సరిపోతుందని, కాల్షియాన్ని అవి మొప్పల ద్వారా నీటి నుంచే చాలావరకు తీసుకోగలవని గుర్తుచేసుకుంటే ఈ అంకెల తీవ్రత అర్థమవుతుంది. మొప్పలు లేని తాబేలుకు ప్రధానమైన దారి నోరే. గోదావరి డెల్టాలో వనామి రొయ్య పెంకు వదులైనప్పుడు రైతులు చెరువు నీటిలోనే మినరల్స్ చల్లుతారు, రొయ్య మొప్పల ద్వారా వాటిని కొంత గ్రహిస్తుంది కూడా. తాబేలు చెరువులో ఆ ఉపాయం పారదు. (ఆ డెల్టాలో తాబేళ్ల చెరువులు లేకపోవడానికి కారణం వేరు. భారతదేశంలోని మెత్తపెంకు తాబేళ్లను, వాటిలో తెలుగు ప్రాంతాల చెరువుల్లో కనిపించే జాతిని కూడా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్నందువల్ల వాటిని పట్టడం, అమ్మడం శిక్షార్హమైన నేరాలు.)

సూక్ష్మ ఖనిజాల పరిశోధన దీని వెంటనే వచ్చింది. చేపపిండిలోనే జింక్, రాగి, ఇనుము కొంతమేర ఉండటం వల్ల వాటి లోపాన్ని పరీక్షించాలంటే పాల నుంచి తీసే కేసిన్ వంటి శుద్ధమైన మాంసకృత్తులతో మేత తయారుచేయవలసి వచ్చింది. ఆ ప్రయోగాల్లో పిల్ల తాబేళ్లకు కిలో మేతలో జింక్ సుమారు 35 నుంచి 45 మిల్లీగ్రాములు, రాగి 4 నుంచి 5 మిల్లీగ్రాములు అవసరమని తేలింది. ఇనుము ఏ రసాయన రూపంలో ఉందన్నదానిని బట్టి దాని అవసరం మారుతుంది. తగ్గితే రక్తకణాలు, హిమోగ్లోబిన్ పడిపోతాయి, మితిమీరితే కణాల్లోని కొవ్వు ఆక్సీకరణకు గురవుతుంది. సోయా వంటి గింజల పిండి విషయంలో చిక్కు ఇంకాస్త ముదురుతుంది, ఎందుకంటే గింజల్లో భాస్వరం అధిక భాగం ఫైటేట్ అనే రూపంలో దాగి ఉంటుంది. తాబేలు దానిని సరిగా జీర్ణించుకోలేదు. పైగా ఫైటేట్ జింక్‌ను, మెగ్నీషియాన్ని పట్టి ఉంచి పేగులకు అందకుండా చేస్తుంది. మేతలో ఫైటేట్‌ను కావాలనే కలిపి మెగ్నీషియం అవసరాన్ని కొలిచిన ప్రయోగం కూడా తైవాన్‌లో జరిగింది. మేతలో ఎంత ఖనిజం ఉందన్న ప్రశ్న పక్కకు పోయి, అందులో ఎంత ఒంటపడుతుందన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

ఈలోగా చైనాలో పెంపకం పోల్చుకోలేనంతగా మారిపోయింది. మామూలు చెరువులో ఈ తాబేలు చలికాలం నెలల తరబడి బురదలో నిద్రపోతుంది కాబట్టి అమ్మకపు పరిమాణానికి రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పట్టేది. నీటిని ఏడాది పొడవునా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచే కప్పువేసిన షెడ్లలో అది ఏడాదికి కొంచెం అటూఇటూగా సాధ్యమైంది. 1993లో స్టట్‌గార్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చైనా మహిళా పరుగు క్రీడాకారిణులు పతకాలు కొల్లగొట్టి, వారిలో వాంగ్ జున్‌షియా అదే ఏడాది సెప్టెంబరులో 10,000 మీటర్లను 29 నిమిషాల 31.78 సెకన్లలో ముగించినప్పుడు, వారి శిక్షకుడు మా జున్‌రెన్ ఆ బలానికి తాబేలు రక్తం కూడా ఒక కారణమని చెప్పుకున్నాడు. ఆ మాటలో నిజమెంతో తరువాతి మందుల వివాదాలు చూసినవారు తేల్చుకోవచ్చు. తాబేలు ధర మాత్రం ఆకాశానికి ఎగసింది, తైవాన్ నుంచి గుడ్లు, పిల్లలు తెప్పించి మరీ షెడ్లు కట్టారు, దశాబ్దం ముగియకుండానే సరుకు పోటెత్తి ధర కూలింది. పతనం తరువాత నిలిచినవారు ఖర్చు తగ్గించుకుని నిలిచినవారే. కప్పు కింద ఎండ సరిగా పడదు, ఏడాదిలోనే మూడేళ్ల ఎముక తయారుకావాలి, చెరువు అడుగున నత్త ఒక్కటీ ఉండదు. అందువల్ల దాణా సంచిలోని కాల్షియం ఫాస్ఫేట్, విటమిన్ డి3, సూక్ష్మ ఖనిజాల మిశ్రమం తప్ప తాబేలుకు వేరే ఆధారం లేకుండా పోయింది.

2010ల నాటికి చైనా మెత్తపెంకు తాబేళ్ల ఉత్పత్తి ఏడాదికి మూడు లక్షల టన్నులు దాటగా, అందులో జెజియాంగ్ రాష్ట్రానిది పెద్ద వాటా. ఇక్కడే లెక్క తిరగబడింది. ఎముక అవసరానికి మించి భద్రత కోసం కలిపిన భాస్వరం, జీర్ణం కాని ఫైటేట్ భాస్వరం మలంతో నీటిలోకి పోయి కాలువల్లో నాచును పెంచాయి. రక్షణగా కలిపిన జింక్, రాగి అడుగు బురదలో పేరుకున్నాయి. లోపాన్ని తప్పించడానికి మొదలైన శాస్త్రం మితాన్ని నిర్ణయించవలసిన స్థితికి వచ్చింది. 2013 చివర జెజియాంగ్ ప్రభుత్వం మొదలుపెట్టిన జలశుద్ధి ఉద్యమంలో బాయిలర్ల పొగ, వ్యర్థజలాలు కారణంగా చూపి జియాషింగ్, హుజౌ పరిసరాల్లోని వెచ్చని షెడ్లను పెద్ద ఎత్తున కూల్చివేశారు.

షెడ్లు పోయిన చోట ప్రభుత్వం ప్రోత్సహించిన పద్ధతుల్లో వరిచేనులో తాబేలు పెంపకం ఒకటి. జెజియాంగ్‌లోని దెచింగ్ జిల్లా దీనికి పేరు తెచ్చుకుంది. చేను చుట్టూ తాబేళ్లు దాటలేని నున్నని గోడ, ఒక పక్క లోతైన కందకం ఉంటాయి. తాబేలు చేలోని నత్తలను, పురుగులను తింటుంది గానీ, అమ్మదగిన బరువుకు రావడానికి అది చాలదు కాబట్టి గుళికల దాణా ఇక్కడా తప్పదు. మేతలోని కాల్షియం, భాస్వరం నిష్పత్తి లెక్కలు షెడ్ల కాలంలో తేలినవే కొనసాగుతున్నాయి. మారినదల్లా మిగులు భాస్వరం గమ్యమే: తాబేలు వదిలిన దానిలో కొంత భాగాన్ని వరి వేళ్లు పీల్చుకుంటున్నందువల్ల, రైతులు ఆ చేలకు వేసే రసాయనిక ఎరువును తగ్గిస్తున్నారు.